అరిగిన రబ్బరు వాసన

పాత బేబ్లేడ్ బొంగరాల డబ్బా మూత తీయగానే ముందు తగిలేది రబ్బరు వాసన. కొంత పెన్సిల్ చెరిపే రబ్బరులా, కొంత సైకిల్ ట్యూబులా ఉంటుంది. ఆ వెనకే లోహపు వాసన, నాణేన్ని చాలాసేపు గుప్పిట్లో పట్టుకుంటే అరచేతికి అంటే లాంటిది. రెండూ కలిసి వచ్చాయంటే అది మెటల్ ఫైట్ డబ్బానే, లోహపు చక్రాలున్న తరం బేబ్లేడ్లది. మూత తీసినవాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది.

డబ్బా అడుగున, మూలల్లో సన్నటి నల్లపొడి కనిపిస్తుంది. దుమ్మనుకుని దులిపేయబోతారు చాలామంది. తిరిగి తిరిగి అరిగిన రబ్బరు టిప్పుల నుంచి, అంటే బొంగరాల అడుగు మొనల నుంచి, రాలిన పొడి అది. అందులో లోహపు చక్రాలు గీరుకున్నప్పుడు లేచిన రంగు రేణువులు కూడా మెరుస్తుంటాయి. అప్పట్లో ఎవరు ఎన్ని ఆటలు గెలిచారో ఎవరూ రాసి పెట్టుకోలేదు. ఎన్ని ఆడారో మాత్రం ఆ ముక్కల అంచులు చూస్తే ఇప్పటికీ తెలిసిపోతుంది.

బేబ్లేడ్ 1999లో జపాన్‌లో తకారా కంపెనీ తెచ్చిన బొమ్మ. దానికి మూలం అక్కడి పాతకాలపు బేగోమా ఆట. తొట్టి మీద గుడ్డ బిగించి కట్టి, ఆ గుడ్డ పల్లంలోకి చిన్న చిన్న ఇనుప బొంగరాలు తాడుతో విసిరి ఒకదాన్ని ఒకటి కొట్టించేవారు. ఇనుము కంటే ముందు నత్తగుల్లల్లో ఇసుక నింపి, మైనంతో మూసి తిప్పేవారు. పేరులోని ‘బే’ ఆ గుల్లదే. ప్లాస్టిక్ బేబ్లేడ్ల కాలం ముగిశాక, తకారా, టోమీ 2006లో ఒకే కంపెనీ అయ్యాక, 2008 ఆగస్టులో మెటల్ ఫైట్ వచ్చింది. జపాన్ బయట చాలా దేశాల్లో దాన్ని అమెరికా బొమ్మల కంపెనీ హాస్‌బ్రో అమ్మింది. 2012లో జీరో-జి అని కొత్త తరహా మొదలై, కొన్నాళ్ళకు అదీ ఆగింది. తర్వాతి తరాలు 2015లో బర్స్ట్, 2023లో ఎక్స్.

పేరు ఒకటే అయినా ఒక తరం ముక్క ఇంకో తరంలో పట్టదు. బొంగరాన్ని తిప్పి వదిలే లాంచర్ కొక్కేలు చూసినా చాలు, మెటల్‌కి రెండు, బర్స్ట్‌కి మూడు. ఎక్స్ తరంలో పాత మెటల్ బొంగరాలు పెగాసిస్‌నూ ఎల్-డ్రాగోనూ గుర్తుచేసేలా కొత్త బొంగరాలు చేశారు. చూడముచ్చటగానే ఉంటాయి కానీ వాటి టిప్పు ఊడదీసి పాత బొంగరానికి తగిలిద్దామంటే కుదరదు. మెటల్ ఫైట్ ఆగిపోయింది అనే మాటకి మా లాంటివాళ్ళకి అర్థం అదే. అరిగిన ముక్కకి బదులు అసలైన ముక్క ఇక తయారవదు.

*

మెటల్ ఫైట్ బొంగరానికి ఐదు ముక్కలు. పైన ఫేస్, అంటే బొమ్మ అతికించిన ప్లాస్టిక్ బోల్టు. దాని కింద రంగు ప్లాస్టిక్ రింగు. జపాన్ డబ్బాల మీద దాన్ని క్లియర్ వీల్ అంటారు, హాస్‌బ్రో డబ్బాల మీద ఎనర్జీ రింగ్ అని ఉంటుంది. మూడోది లోహపు చక్రం, మెటల్ వీల్ అన్నా ఫ్యూజన్ వీల్ అన్నా అదే. నాలుగోది ట్రాక్, బొంగరం ఎత్తుని తేల్చే నడిమి కాడ. ఐదోది ట్రాక్ అడుగున గుచ్చే టిప్పు. ట్రాక్ కింద నుంచి చక్రం నడిమి కన్నంలోకి వెళ్తుంది, ఫేస్ పైనుంచి దిగి ట్రాక్‌లోకి మర తిప్పినట్టు బిగుస్తుంది. మొత్తం 40 నుంచి 50 గ్రాముల బొంగరాన్ని పట్టి ఉంచేది ఆ ఒక్క ప్లాస్టిక్ మరే.

పేరు చదవడం వస్తే బొంగరం గురించి సగం తెలిసినట్టే. స్టార్మ్ పెగాసిస్ 105ఆర్ఎఫ్ తీసుకోండి. స్టార్మ్ అనేది లోహపు చక్రం, పెగాసిస్ రింగు, 105 ట్రాక్ ఎత్తు, ఆర్ఎఫ్ అంటే రబ్బర్ ఫ్లాట్ టిప్పు. ట్రాక్ అంకెని పదితో భాగిస్తే మిల్లీమీటర్లు వస్తాయి. 105 అంటే 10.5, 145 అంటే 14.5, 230 అంటే 23. అంకె ముందు అక్షరాలుంటే ఆ ట్రాక్‌కి ఇంకేదో పని ఉన్నట్టు. సీ145కి కాళ్ళలా కదిలే గోళ్ళుంటాయి. బీడీ145కి చుట్టూ వెడల్పాటి బిళ్ళ ఉంటుంది. ఈడీ145 చుట్టూ ఉన్న బిళ్ళ దానంతటది విడిగా తిరుగుతుంది. సీహెచ్120ని కిందికి లాగి తిప్పితే 12 మిల్లీమీటర్ల నుంచి 14.5కి పెరుగుతుంది. టీహెచ్170కి మూడు ఎత్తులు, 17, 19.5, 22.

టిప్పుల అక్షరాలు ఎక్కాల కంటే గట్టిగా నోటికి వచ్చేవి. ఎఫ్ అంటే ఫ్లాట్, ఎస్ షార్ప్, ఎస్ఎఫ్ సెమీ ఫ్లాట్, హెచ్ఎఫ్ నడుమ కన్నమున్న ఫ్లాట్, బీ బంతి, డబ్ల్యూబీ వెడల్పాటి బంతి, ఎంబీ లోహపు బంతి, డబ్ల్యూడీ వైడ్ డిఫెన్స్, ఆర్ఎస్ రబ్బరు షార్ప్, సీఎస్ అంటే ప్లాస్టిక్ మొన చుట్టూ రబ్బరు తొడుగు. ఎవరో ఒకరు ఎర్త్ ఈగిల్ 145డబ్ల్యూడీ అనగానే, ఇంకొకరు జపాన్‌లో దాని పేరు ఎర్త్ అక్విలా అని సరిదిద్దేవారు. హాస్‌బ్రో పెగాసస్ అని రాస్తే తకారా టోమీ పెగాసిస్ అని రాసేది. ఏది సరైన పేరన్న దాని మీద జరిగినన్ని గొడవలు ఏది బలమైనదన్న దాని మీద కూడా జరగలేదు.

సాయంత్రం ముక్కలన్నీ నేల మీద పరిస్తే ఒక పద్ధతి ఉండేది. ఫేస్‌లు ఒక కుప్ప, రింగులు ఒక కుప్ప, చక్రాలు వరసగా, టిప్పులు మాత్రం ఎవరి గుప్పిట్లో వాళ్ళవి. పోయేవి టిప్పులే కదా. గింజంత ముక్క, ఒకసారి నేల మీద దొర్లితే బీరువా కిందికే పోతుంది. ఫేస్ విప్పడానికి పెట్టెతో వచ్చిన చిన్న ప్లాస్టిక్ కీ ఒకటి ఉండేది, అది అందరికంటే ముందు పోయేది. ఆ తర్వాత ఎవరి గోళ్ళు వాళ్ళవే.

ఫేస్ బిగించడంలో ఎక్కువ చెయ్యి చూపిస్తే ప్లాస్టిక్ మర చెడుతుంది. మొదట పట్టకుండా వంకరగా దిగినట్టు అనిపిస్తే ఆపేసి, వెనక్కి ఒక చుట్టు తిప్పి, ‘టక్’ అని మర అందిన చప్పుడు విని అప్పుడు ముందుకు తిప్పాలి. కీ దానంతటది ఆగే చోట ఆపేయాలి. ఇంకో పావు చుట్టు అంటూ బిగించిన ట్రాక్‌లే ఇప్పుడు లోపల మర అరిగి, ఫేస్ ఊరికే గుండ్రంగా తిరిగే స్థితిలో దొరుకుతున్నాయి. వదులుగా వదిలేసినా నష్టమే. నాలుగు దెబ్బలకి చక్రం, రింగు లోపల లొడలొడలాడి, ఆ కదలికకే బొంగరం తిరుగుడు శక్తి పోతుంది. మొదటి ఢీకి ఖంగుమనాల్సింది డబ్‌మని బొంగురుగా మోగితే చాలు, ఫేస్ వదులైందని చూడకుండానే చెప్పేసేవారు.

టిప్పు మాత్రం మరతో కాదు, బిగుతుతోనే నిలబడుతుంది. మార్చి మార్చి గుచ్చితే ట్రాక్ అడుగు వదులై, ఆట మధ్యలో టిప్పు ఊడి ఒక దారిన, బొంగరం ఒక దారిన పోయేవి. జిగురు పూస్తే ఆ రెండు ముక్కలూ శాశ్వతంగా ఒకటైపోతాయి, ఇక మార్చుకోలేరు. పలచటి టేపు ముక్క ఒక్క చుట్టు చుట్టి గుచ్చడం మేలు. రెండు చుట్లయితే ట్రాక్ చీలుతుంది.

*

లాంచర్ చప్పుడు రెండు రకాలు. పళ్ళ పట్టీ ఉన్న రిప్‌కార్డ్ లాగితే ‘సర్‌ర్‌ర్’ మని కోసినట్టు వస్తుంది, దారం లాంచర్‌ది ‘జుయ్‌య్’ మని సాగుతుంది. త్రీ, టూ, వన్ అని లెక్కపెట్టి ‘లెట్ ఇట్ రిప్’ అని అరిచే గొంతుల కింద ఆ చప్పుడు సగం వినపడేది కాదు. కానీ లాగినవాడి వేళ్ళకి తెలిసేది, పట్టీ మొదటి నుంచి చివరి దాకా ఒక్క తీరుగా వచ్చిందా, మధ్యలో ఎక్కడైనా టక్‌మని జారిందా అని.

జారిందంటే పట్టీలో పళ్ళు విరిగినట్టు. సాధారణంగా విరిగేవి మొదటి నాలుగైదు పళ్ళే. పట్టీ పూర్తిగా లోపలికి తోయకుండా, సగంలోనే లాగితే మొదటి కుదుపంతా ఆ కొన్ని పళ్ళ మీదే పడుతుంది. పట్టీని జేబులో పెట్టుకుని కూర్చోవడం ఇంకో పొరపాటు. కొద్దిగా వంగినా లాంచర్ లోపల గోడకి రాసుకుని వేగం తగ్గుతుంది. దారం లాంచర్‌ది వేరే జబ్బు. చివరిదాకా లాగి పిడిని అలాగే వదిలేస్తే, లోపలి చుట్టస్ప్రింగ్ ఒక్కసారిగా వెనక్కి గుంజుకుని, దారం ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా చుట్టుకుంటుంది. రెండోసారి లాగినప్పుడు సగంలో ఆగిపోతుంది. పిడిని చేత్తో పట్టుకునే మెల్లగా వెనక్కి పంపాలి. దారం ఇరుక్కుందని మరలు విప్పి తెరిచినవాళ్ళందరికీ ఆ స్ప్రింగ్ మొహం మీదికి ఎగరడం గుర్తుండే ఉంటుంది. తెరవాల్సివస్తే బల్ల మీద పెట్టి, పై మూతని బొటనవేలితో నొక్కి ఉంచి, ఒక పక్క నుంచి సందు చేసుకుని చూడాలి.

అన్నిటికంటే మెల్లగా వచ్చే జబ్బు కొక్కేలది. బొంగరాన్ని పట్టుకునే ఆ రెండు కొక్కేల మూలలు ఏళ్ళ తరబడి రాసుకుని గుండ్రమవుతాయి. అప్పుడు సగం లాగేసరికే బొంగరం ఊడి పడిపోతుంది. ఆడుకునేవాడు తన చెయ్యి వాటం పోయిందనుకుంటాడు, నిజానికి పోయింది కొక్కెం అంచు.

లాగేటప్పుడు భుజం కదలకూడదు, లాంచర్ పట్టిన చెయ్యి అసలే కదలకూడదు. పట్టీని నేలకి సమాంతరంగా, పక్కకి లాగాలి. పైకి లాగితే బొంగరం వంకరగా దిగి మొదటి క్షణంలోనే ఎగురుతుంది. స్టేడియం, అంటే బొంగరాలు తిరిగే పళ్ళెం, దాని అడుగుకి నాలుగు వేళ్ళ ఎత్తు చాలు. ఎత్తు పెరిగిన కొద్దీ తొలి గెంతులోనే శక్తి పోతుంది.

*

స్టేడియం లేని చోట ఏది దొరికితే అది స్టేడియం అయ్యేది. వెడల్పాటి ప్లాస్టిక్ బేసిన్, బోర్లించిన పెద్ద డబ్బా మూత, చివరికి వట్టి నేల. ఆటలు అందుకే ఒక్కోచోట ఒక్కో తీరుగా ఉండేవి. బేసిన్ గోడలు మరీ నిటారుగా ఉంటే రెండు బొంగరాలూ జారి నడుమ కలుసుకుని, ఒకదానికొకటి ఆనుకుని గీరుకుంటూ నిలబడిపోతాయి. అక్కడ ఎప్పుడూ ఎక్కువసేపు తిరిగేదే గెలుస్తుంది. చదునైన నేల మీద దాడి చేసే బొంగరం దూరంగా పరిగెత్తిపోతుంది, ఎదుటిదాన్ని వెతుక్కుంటూ తిరిగొచ్చే దారి ఉండదు. అసలైన స్టేడియంలో అడుగు పల్లం, దాని చుట్టూ చిన్న గట్టు. దాడి బొంగరం ఆ గట్టుని పట్టుకుని గుండ్రంగా పరిగెత్తి, మళ్ళీ లోపలికి దూకుతుంది.

దూకితేనే. గట్టు మీదే ఇరుక్కుని, ఎవర్నీ కొట్టకుండా, చుట్టూ చుట్టూ తిరుగుతూ తన శక్తి తానే తినేసుకునే స్థితి ఒకటుంది. టోర్నడో స్టాల్ అంటారు. కొత్త రబ్బరు టిప్పు వేసి బలంగా లాగినవాళ్ళందరూ ముందు పడే గొయ్యి అదే. దానికి మందు వంపు లాగుడు. లాంచర్‌ని కొద్దిగా వాల్చి, బొంగరం స్టేడియం వాలు మీద ఏటవాలుగా దిగేలా, అంచు నుంచి నడుమకి జారేలా వదలాలి. సరిగ్గా కుదిరితే బొంగరం గట్టు దాకా వెళ్ళి, నడుమకొచ్చి, మళ్ళీ గట్టుకెళ్ళి, పువ్వు రేకులు గీసినట్టు తిరుగుతుంది. ఒక్కో రేకు నడుమ నుంచే పోతుంది కాబట్టి, నడుమ నిలబడ్డ ఎదుటి బొంగరానికి ప్రతి రేకుకీ ఒక దెబ్బ తగులుతుంది. వాలు ఎంతన్నది చెప్తే రాదు. ఎక్కువైతే నేరుగా బయటికి, తక్కువైతే మళ్ళీ స్టాల్. ఒక్కో టిప్పుకి ఒక్కో వాలు. అదే టిప్పుకి కూడా నెల తర్వాత వాలు మారుతుంది.

ఎందుకంటే నెలలో రబ్బరు అరుగుతుంది.

*

ఆటలో నాకు అన్నిటికంటే లోతుగా అనిపించేది ఇదే. కొత్త రబ్బర్ ఫ్లాట్ టిప్పు అంచులు కోసుగా, పళ్ళు పళ్ళుగా ఉంటాయి. పట్టు ఎక్కువ, వేగం ఎక్కువ, అదుపు తక్కువ. పది సార్లు వదిలితే సగం సార్లు తనంతట తనే స్టేడియం బయట పడుతుంది. ఆడగా ఆడగా ఆ పళ్ళ మొనలు గుండ్రమవుతాయి. అప్పుడొక మధ్యకాలం వస్తుంది. వేగం ఇంకా ఉంటుంది, వంపు లాగుడికి లొంగుతుంది, రేకులు పువ్వులా పడతాయి. టిప్పు జీవితంలో మంచి రోజులవి. ఆ తర్వాత పళ్ళు పూర్తిగా పోయి, టిప్పు చిన్న నున్నటి బిళ్ళలా మిగులుతుంది. వేగం తగ్గుతుంది, ఎదుటిదాన్ని తోస్తుంది కానీ కొట్టదు. అలాంటిదాన్ని మేం బోడి టిప్పు అనేవాళ్ళం.

కుడికి తిరిగే చక్రం కింద అరిగిన రబ్బరు అంచులు ఒక పక్కకి వాలతాయి. దాన్నే ఎడమకి తిరిగే ఎల్-డ్రాగో కింద పెడితే పట్టు మారిపోతుంది, అరుగుదల కూడా ఇంకో పక్క నుంచి మొదలవుతుంది. అందుకే కుడి టిప్పు కుడికే, ఎడమ టిప్పు ఎడమకే ఉంచుకోవాలి. కంపెనీ కూడా ఇది పట్టించుకుని, కుడికి ఆర్2ఎఫ్, ఎడమకి ఎల్ఆర్ఎఫ్ అని అంచులు వాలుగా కోసిన టిప్పులు వేరుగా చేసింది.

అరుగుదలలో స్టేడియానిదీ వాటా ఉంది. నున్నటి ప్లాస్టిక్ మీద నెలల తరబడి నిలిచే రబ్బరుని గరుకు సిమెంటు నేల ఒక్క మధ్యాహ్నంలో తినేస్తుంది. రబ్బరుకి దుమ్ము అంటితే పట్టు పోయి జారుతుంది. అరిగిపోయిందని పారేయకముందు తడిగుడ్డతో ఒకసారి తుడిచి చూడాలి, చాలాసార్లు పట్టు తిరిగొస్తుంది. తుడిస్తే గుడ్డకి నల్లటి చార అంటుతుంది. ఆ చారలోనూ కొంత టిప్పు పోయినట్టే.

అప్పుడు ఈ లెక్కలేవీ బాధించేవి కావు. అరిగితే ఇంకోటి వస్తుందనే ధీమా. ఇప్పుడు లాంచర్ లాగిన ప్రతిసారీ, మళ్ళీ తయారుకాని వస్తువులో రవ్వంత తగ్గుతోందని చేతికి తెలుసు. ఆడకుండా దాచేవాళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ రబ్బరు దాచినా గట్టిపడుతుంది, ఏళ్ళు గడిస్తే కోసు అంచులున్న కొత్త టిప్పు కూడా ప్లాస్టిక్‌లా జారుతుంది. ఆడినా పోతుంది, ఆడకపోయినా పోతుంది. మధ్యేమార్గంగా చాలామంది చేసేది నాకూ సబబే అనిపిస్తుంది. చెయ్యి వాటం తెచ్చుకోవడానికి మామూలు ఎఫ్, హెచ్ఎఫ్ ప్లాస్టిక్ టిప్పులు వాడి, రబ్బరుని అసలు ఆటకే బయటికి తీయడం.

*

ఎల్-డ్రాగో మాట వచ్చింది కాబట్టి. మిగతావి దాదాపు అన్నీ కుడికి తిరిగేవి, అది ఎడమకి. మామూలు లాంచర్ దాన్ని పట్టుకోదు, ఎడమ లాంచరో రెండు వైపులా పనిచేసేదో కావాలి. రెండూ కుడికే తిరిగే బొంగరాలు తాకినప్పుడు, తాకిన చోట వాటి అంచులు ఎదురెదురుగా వస్తాయి. అందుకే ఖంగుమని దెబ్బ, రెండూ వెనక్కి ఎగరడం. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి తిరుగుతుంటే తాకే చోట అంచులు ఒకే దిక్కుకి పోతుంటాయి, పళ్ళ చక్రాలు కలిసినట్టు. దెబ్బ మెత్తగా ఉంటుంది, ఎక్కువ వేగం ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి తిరుగుడు కారిపోతుంది. మీటియో ఎల్-డ్రాగో రింగుకి రబ్బరు పెట్టింది ఈ పని కోసమే. రింగుని ఒక స్థితిలో పెడితే ఆ రబ్బరు బయటికొచ్చి, ఎదుటి చక్రాన్ని పట్టి దాని వేగాన్ని లాక్కుంటుంది. ఆగిపోబోతున్న ఎల్-డ్రాగో ఎదుటిదాన్ని ఆనుకుని మళ్ళీ లేచి తిరగడం మొదటిసారి చూసినవాళ్ళు మాయ అనుకునేవారు.

అలాంటి ఆటలు చివర్లో చెవితో తేలేవి. మొదట ఖంగ్ ఖంగ్. తర్వాత టిక్ టిక్‌మని దగ్గరదగ్గరగా. ఆపైన బొంగరం తల ఊపడం మొదలై, చక్రం అంచు నేలకి తగిలి కరకరమంటుంది. సన్నమొన ఉన్న ఎస్ టిప్పు ఒకసారి తల ఊపిందంటే ఎక్కువసేపు ఆగదు. వైడ్ డిఫెన్స్ టిప్పు తన వెడల్పాటి అంచు మీద వాలి, పడిపోయిందనుకున్నాక కూడా ఇంకో నాలుగు చుట్లు లాగుతుంది. ఆ నాలుగు చుట్లకే జనం అంతా మోకాళ్ళ మీద వంగి, ఊపిరి బిగబట్టి, ఎవరూ స్టేడియం ముట్టుకోకుండా చూసుకునేవారు. ఎత్తైన 230 ట్రాక్ వేసినవాళ్ళకి ఇంకో రకం భయం. 105 మీద వచ్చే దాడి చక్రం పైనున్న లోహానికి అందక ట్రాక్‌కి తగులుతుంది, అది లాభమే. కానీ ఒకసారి ఒరిగితే అంత ఎత్తు బొంగరం నిలదొక్కుకోదు.

*

తకారా టోమీ రాండమ్ బూస్టర్ డబ్బాలు అని అమ్మేది. లోపల ఏముందో తెరిచేదాకా తెలియదు. చెవి దగ్గర ఊపి, చేత్తో తూచి ఊహించేవాళ్ళం. బరువైన చక్రం వచ్చిందో తేలికదో బహుశా తెలిసేదేమో కానీ ఏ రింగో ఎలా తెలుస్తుంది. కోరోకోరో పత్రిక ద్వారా వచ్చిన ప్రత్యేక రంగులవి పేజీల్లో చూడడమే. ఇప్పుడు సేకరించేవాళ్ళు వాటి వెంటే పడతారు. నా మాట వింటే ముందు చూడాల్సింది రంగు కాదు.

పాత బొంగరం కొనేటప్పుడు ముందు టిప్పు అడుగు ఫోటో అడగాలి. అమ్మేవాళ్ళు పైనుంచి తీసిన ఫోటోనే పెడతారు, ఫేస్ మెరుస్తూ కనిపిస్తుంది. రబ్బరు పళ్ళు ఉన్నాయా, బోడా అన్నది కింద నుంచి చూస్తేనే తెలుస్తుంది. తర్వాత ఫేస్ విప్పి, ట్రాక్ పై కన్నంలోకి తీసిన ఫోటో, మర గీతలు కనిపించాలి. తర్వాత రింగుని వెలుతురుకి పట్టిన ఫోటో. లాంచర్ కొక్కేలు దూరే చోట సన్నటి బీటలు మొదలవుతాయి, వెలుతురులో తెల్లటి వెంట్రుకల్లా కనిపిస్తాయి. లోహం మీద గీతలుంటే పట్టించుకోవద్దు, అది ఆడిన చక్రమని అర్థం, అంతే. స్టిక్కర్లు అతికించని షీటు దొరికితే అదృష్టం, అతికించినవి నలభై రకాలుగా వంకర పోయి ఉంటాయి.

నకిలీలు ఆ రోజుల్లోనూ ఉండేవి, ఇప్పుడు ఇంకా ఎక్కువ. ఫేస్ స్టిక్కర్ మీద గీతలు మసకగా ఉంటాయి. ప్లాస్టిక్ అతుకుల దగ్గర చేతికి గుచ్చుకునే అంచు ఉంటుంది. ఫేస్ బిగించేటప్పుడు మర గరగరమంటుంది. అసలైన పరీక్ష అద్దం మీద. విడదీయకుండా చదునైన అద్దం మీద రెండు వేళ్ళతో మెల్లగా తిప్పాలి. టిప్పు నడుమ లేకపోతే, చక్రం ఒక పక్క బరువుంటే మొదటి క్షణం నుంచే తల ఊపుతుంది. ఒక్క మినహాయింపు ఉంది. బసాల్ట్ చక్రం చాలా బరువు, అసలుదే కొంచెం ఊగుతుంది. దాన్ని చూసి నకిలీ అనుకుని వదిలేసినవాళ్ళున్నారు.

ఇంటికొచ్చాక శుభ్రం చేయడం. ఐదు ముక్కలూ విప్పి, ప్లాస్టిక్‌వి మాత్రం సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో పావుగంట ఉంచి, మెత్తటి పాత బ్రష్‌తో రుద్దాలి. స్టిక్కరున్న ఫేస్‌ని నీళ్ళలో వేయకూడదు. లోహపు చక్రానికి పొడిగుడ్డ చాలు. లోహపు బంతి ఉన్న ఎంబీ టిప్పుని తడిపితే వెంటనే ఆరబెట్టాలి, బంతికి తుప్పు పడితే తిరుగుడు గరుకవుతుంది. గోళ్ళ రంగు తీసే ద్రవం దగ్గరికే రానీయొద్దు, ప్లాస్టిక్ కరుగుతుంది. దానంతటది తిరిగే ఈఎస్, ఈడబ్ల్యూడీ టిప్పులు బిగుసుకుపోతే లోపల వెంట్రుకో నూలుపోగో చుట్టుకున్నట్టు. సూదితో మెల్లగా లాగాలి. నూనె వేస్తే ఆ పూటకి హాయిగా తిరిగి, వారంలో దుమ్మంతా పీల్చి మునుపటికంటే గట్టిగా బిగుసుకుంటుంది.

దాచేటప్పుడు పూర్తిగా బిగించి దాచొద్దు. ఫేస్ అర చుట్టు వదులు చేయాలి, ఏళ్ళ తరబడి బిగుతులో ఉంటే రింగు నడుమ చీలుతుంది. తెల్ల ప్లాస్టిక్‌కి ఎండ తగలకూడదు, పసుపు తిరిగితే మళ్ళీ తెల్లబడదు. బొంగరాన్ని టిప్పు మీద నిలబెట్టి ఉంచితే బరువంతా రబ్బరు మీదే పడి ఒక పక్క అణుగుతుంది, అందుకే పక్కకి పడుకోబెట్టాలి. రబ్బరు టిప్పుల్ని ఊడదీసి విడివిడిగా కాగితం పొట్లాల్లో కట్టడం ఇంకా మంచిది. ప్లాస్టిక్ సంచిలో రెండు రబ్బర్లు కలిసి ఉంటే వేడికి ఒకదానికొకటి అతుక్కుంటాయి.

పొట్లాల మీద పేర్లు రాసుకోవాలి. ఆర్ఎఫ్ కుడి, కొత్తది. ఆర్ఎఫ్ కుడి, సగం. ఎల్ఆర్ఎఫ్, ఇంకా పళ్ళున్నాయి. చివరన ఒక పొట్లం ఎప్పుడూ ఉంటుంది, ఆర్ఎఫ్, బోడి. ఏ బొంగరానికీ ఇక పనికిరాదు, ఎవరూ కొనరు, అయినా పారేయరు. డబ్బా తీసినప్పుడు ఆ వాసన అన్నిటికంటే ఎక్కువ వచ్చేది దాని నుంచే.